బాదంకొమ్మ మీది గూడు

అత్తయ్యగారూ,

మీరు పోయి ఏడాదైంది. ఈ రోహిణి ఎండల్లో మన ఏలూరు ఇంటికి కరెంటు పెట్టిస్తున్నాం. తీగకు అడ్డమని మీ అబ్బాయి పెరట్లో బాదంకొమ్మ కొట్టించబోయారు. ఆ కొమ్మకే ఒక చిన్న పిట్ట ఆకులు కలిపి కుట్టి గూడు కట్టి, పిల్లల్ని చేసింది.

నేను చెట్టుకు అడ్డంగా నిలబడి, "పిల్లలు ఎగిరాక కొట్టించండి" అన్నాను.

"అందరిళ్లలోనూ దీపాలొచ్చేస్తుంటే మనమే చీకట్లో ఉండాలా?"

"ఉందామండీ. అత్తయ్యగారే ఉంటే ఏమనేవారో మీరే చెప్పండి."

ఆయన గొడ్డలి మనిషిని వెనక్కి పంపేశారు.

ఇంకా లాంతరే వెలిగిస్తున్నాను. తల్లిపిట్ట రోజంతా పురుగులు మోస్తూనే ఉంటుంది, చూస్తుంటే పొద్దే తెలియదు. ఇవాళ మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే ఆయన పలకలేదు. వెళ్లి చూద్దును కదా, కండువా నెత్తిన వేసుకుని చెట్టు కింద పిల్లిని తరుముతున్నారు.