శనివారం ఎవరు రావాలి

తామతీ,

కుశలమడగడానికి రాయడం లేదు. నీ కూతురు మెరెయానా ఎవరిదో కారు ఎత్తుకెళ్లి వంతెన గోడకు గుద్దింది. కోర్టుకు పోకుండా కుటుంబమంతా కూర్చుని తేల్చుకోవాలని సంక్షేమాధికారి ఇంటికొచ్చింది. ఎవరెవర్ని పిలవాలని అడిగితే నా పేరూ, మన పెద్దవాళ్లందరి పేర్లూ, కారు పోగొట్టుకున్న ముసలాయన పేరూ చెప్పాను. నీ పేరు చెప్పలేదు. తొమ్మిదేళ్లుగా మా గడప తొక్కనివాడికి అక్కడ చోటెందుకు?

"మా నాన్న రావాలి," అంది మెరెయానా.

"నువ్వు ఏ క్లాసో కూడా వాడికి తెలీదే," అన్నాను.

"తెలీదు గనకే రమ్మంటున్నా. నువ్వు మాత్రం రావద్దత్తా. నువ్వుంటే నా మాటలు కూడా నువ్వే మాట్లాడేస్తావు."

అధికారి నా కళ్లముందే నా పేరు కొట్టేసి నీ పేరు రాసుకుంది. నీ చిరునామా నా ఒక్కదాని దగ్గరే ఉంది కాబట్టి ఈ ఉత్తరం రాయడం నా ఖర్మ.

శనివారం పదింటికి మన తెగవాళ్లంతా కలుసుకునే మరాయె సభామందిరానికి రా. తాగి రాకు. నేను వెనక వంటింట్లో ఉంటాను, నన్ను పలకరించకు. పిల్లకు ఎడమ చెవి సరిగ్గా వినపడదు. కుడిపక్కన కూర్చో.

మీ అక్క