తెగని సంఖ్య

అమ్మాయి పిరోష్కాకు నాన్న దీవెనలు.

మీ అమ్మా, నేనూ, కుంటి కుక్కా బాగానే ఉన్నాం. నా అక్షరాలు వంకర, నవ్వకు. ఫోనులో అయితే మధ్యలో అడ్డం పడతావని రాస్తున్నాను.

కోటు కొని పంపనా అన్నావు. అక్కర్లేదు, పాతది చాలు. అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. తిట్టుకుంటూ మెట్లు దిగుతోంది. ద్రాక్ష కోత అయింది. రసం పొంగుతోంది, పొంగేటప్పుడు ఊపిరాడనివ్వని గాలి వదులుతుంది కదా. కొవ్వొత్తి ముందుంచుకునే నేలమాళిగలోకి దిగుతున్నాను. అది ఆరిపోతే వెనక్కి వచ్చేస్తాను, భయపడకు.

నీ లెక్కల యంత్రం ఇంకా ఏమీ చెప్పలేదా అని అడిగావు. చల్లగా ఉంటుందని వేసవి మొదట్లో మన మాళిగలో పెట్టి వెళ్లావు. రాస్తే మన ఊరి నుంచి నది దాకా పరుచుకునేంత సంఖ్య నీది. భాగిస్తే అది ఒకటితో, తనతో తప్ప దేనితోనూ తెగదని వసంతంలోపు తేలితేనే అక్కడ నీ ఉద్యోగం నిలుస్తుందన్నావు. పీపాను కొట్టి వింటే పగిలిందని తెలుస్తుంది, పగులు ఎక్కడుందో తెలియదు. నీ యంత్రమూ అంతేనన్నావు. తెగుతుందో లేదో చెబుతుంది, దేనితో తెగుతుందో చెప్పదు.

అది పోయిన ఆదివారమే చెప్పింది. పక్కింటి డెజో చేత చదివించాను.

"తెగుతుందట, అంబ్రుష్ మామా."

"కళ్లు తుడుచుకుని చదవరా."

"తుడుచుకున్నా తెగుతుందనే ఉంది."

మీ అమ్మ, "పిల్లకి ఇప్పుడే చెప్పకండి" అంది. నేను దాచింది అందుకు కాదు. ఆ ఆదివారానికి ముందే, మొదటి మంచు పడ్డ రోజు, చలికి రసం పొంగు ఆగిపోతుందని మాళిగ గాలికంత మూసేశాను. మా నాన్నా అలాగే మూసేవాడు. నీ యంత్రం గుర్తే రాలేదు. మర్నాడు దాని మీద చెయ్యి పెడితే కాలింది. కంత తెరిచి ఊరుకున్నాను. వేడెక్కితే లెక్క తప్పుతుందని నువ్వు మొదటి రోజే చెప్పావు. ఇప్పుడు పగిలింది నీ సంఖ్యో, నా బుర్రో తెలియదు.

ఇక కంత మూసే పని లేకుండా నిన్న రసమంతా బిందెలతో డెజో మాళిగకి మోయించాను.

"పొంగుతుండగా కదిపితే వైను చెడిపోతుంది, మతి పోయిందా మామా?"

"నా వైను, నా ఇష్టం. ఎత్తరా!"

కంత తలుపు ఊడబెరికి పొయ్యిలో పెట్టాను. నువ్వు చూపించిన మీటే డెజో చేత నొక్కించాను. మొదటి నుంచి మళ్లీ నడుస్తోంది. వసంతానికి అందుతుందో లేదో నువ్వే చెప్పాలి. నన్ను తిట్టాలంటే తిట్టు, వింటాను.

పగలంతా దాని పక్కనే కూర్చుంటున్నాను. అక్కడ చలి కొరికేస్తోంది. ఆ కోటు పంపు.

ఇట్లు,
నీ మొండి నాన్న