చెప్పని మాటకు పది యూరోలు

నాల్డ్‌వైక్, మంగళవారం

అన్నయ్యా,

ఒంట్లో బాగానే ఉంది, కోపమే ఇంకా దిగలేదు. "హాలండ్‌లో నీకేంటే, మందులన్నీ ఊరికే ఇస్తారు" అని ఎగతాళి చేశావుగా, విను. ఇక్కడ మందు మొదటిసారి ఇచ్చేటప్పుడు ఎలా వాడాలో షాపువాళ్ళు వివరిస్తారట, దానికి వేరే డబ్బట! నేను తీసుకున్నది పోలండ్‌లో, మన టార్నూవ్‌లో, చిన్నప్పటి నుంచీ పీలుస్తున్న ఉబ్బసం ఇన్‌హేలరే. నోరు విప్పకుండా సంచిలో వేసిచ్చి, వివరణకంటూ పది యూరోలు బిల్లు పంపారు. ఒళ్ళు మండిపోయింది. పనిచేసే టమాటా షెడ్డు నుంచి బురద బూట్లతోనే వెళ్ళి కౌంటర్ ముందు నిలబడ్డాను.

"డబ్బు తీసుకున్నారుగా, వివరించండి!"

"మీకు తెలుసనుకున్నానండీ," అంది షాపులో పిల్ల.

"తెలుసు. అయినా చెప్పాల్సిందే!"

వెనక లైనంతా గొణుగుతోంది. "సరే, ఒకసారి పీల్చి చూపించండి," అంది. చూపించాను.

"అయ్యో, మందంతా గొంతులోనే ఆగిపోతోందండీ. ముందు ఊపిరి వదిలేయండి. నొక్కుతూ మెల్లగా పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టండి."

ఆ రాత్రి దగ్గు లేకుండా నిద్రపోయాను. దాంతో కోపం రెట్టింపైంది. నేను పోట్లాడకపోతే చెప్పేవాళ్ళే కాదుగా!

ఇంటికప్పు కారడం ఆగిందా? ఎండు పుట్టగొడుగులు పంపు. వదినకి ముద్దులు. ఉబ్బసం మందు పనిచేయక అమ్మ కూడా రాత్రంతా కూర్చునే ఉంటోందని రాశావు. నాకు పీల్చడం నేర్పింది అమ్మే కదా. ఈ కార్డు చదవగానే ఆవిడ చేత పీల్పించు, పక్కన నిలబడి నువ్వే పది లెక్కపెట్టు.

నీ చెల్లెలు,
యాగోదా