బెంచీ మీది స్వరాలు

జువ్వలదిన్నె

రెబెక్కమ్మ టీచర్ గారికి వందనాలు.

ఎనిమిదో గ్రేడ్ పియానో పరీక్షకు మూడో పీసు తేలికైనది తీసుకోమన్నారు. మొదటి రెండూ మీరు చెప్పినవే వాయిస్తాను. మూడోది మాత్రం నెమ్మదిగా సాగే ఆ పాతదే ఉంచమని అడగడానికి రాస్తున్నాను.

దాని చివర్లో ఎడమ చేయి అట్టడుగు స్వరాలకు దిగుతుంది. మా చర్చి కీబోర్డు పియానో కంటే పొట్టిది, అక్కడ నొక్కాల్సిన చివరి నాలుగు మెట్లు దానికి లేవు. అందుకని పక్కన బెంచీ వేసుకుని చెక్క మీద నొక్కుతున్నాను.

నిన్న అమ్మ వచ్చి చూసి, "ఏందిమే, సద్దే రాకుండా వాయిస్తుండావు? బెంచీకి గూడా పాఠం చెప్తుండావా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. తను వల బాగుచేసుకోవడానికి వెళ్ళిపోయాక మళ్ళీ మొదలుపెట్టాను. సరిగ్గా నొక్కానో లేదో చెప్పేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. మా ఇంట్లో మొదట బడికి వెళ్ళింది నేనే. అప్పుడూ ఇంతే, లెక్క తప్పితే అడగడానికి ఎవరూ ఉండేవారు కాదు.

శనివారం నెల్లూరు వస్తాను. మీ పియానో మీద ఆ చివరి భాగం వాయించనివ్వండి. అది సరిగ్గా రాకపోతే మీరు చెప్పిన తేలికదే తీసుకుంటాను. నేను వాయించేటప్పుడు మాత్రం పక్కనే కూర్చోండి, టీచర్. ఆ నాలుగు స్వరాలు నా చేతి కింద ఎలా పలుకుతాయో నేనింతవరకు వినలేదు.

మీ విద్యార్థిని