మూడో నాలుక

ప్రియమైన చిన్నా,

అందరం క్షేమం అని మొదలుపెట్టడం అలవాటు. ఈసారి అలా రాయలేను.

పోయిన వారం లాండ్రీ ఆవిడ మన సబ్బుల కార్ఖానాకొచ్చి బల్ల మీద రెండు చేతులూ చాపింది. అరచేతుల చర్మం పొరలు పొరలుగా ఊడిపోయింది. వేళ్ల సందుల్లో పచ్చిపుండ్లు. తాతయ్య కాలం నుంచి వాళ్లింట్లో వేరే సబ్బు వాడలేదు. "మీ సబ్బే కదా, ఏం కాదులే అని ఓర్చుకున్నానమ్మా" అంది. ఇంత నమ్మకం సంపాదించడానికి రెండు తరాలు పట్టింది. అదే ఆవిడ చేతులు కాల్చింది.

బానలో సబ్బు ఉడికాక చిన్న ముక్క నాలుక మొన మీద పెట్టుకుని చూడడం నీకు తెలిసిందే. చురుక్కుమంటే కాస్టిక్ సోడా ఘాటు ఇంకా విరగలేదని, మళ్లీ ఉడకాలని అర్థం. తాతయ్య చూసేవాడు, తర్వాత నాన్న. కిందటేడు జబ్బు చేసినప్పటి నుంచి నాన్న నాలుక మొద్దుబారిపోయింది. మందు చేదు కూడా తెలియదు. పనివాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. పిల్లి మెడలో గంట ఎవరు కడతారు? ఇన్నాళ్లూ ఆయన అటు వెళ్లగానే నేను మళ్లీ చూసి, అవసరమైతే ఉడికిస్తున్నాను. ఆవిడ చేతులు కాల్చిన బాన దించిన రోజు నేను జ్వరంతో ఇంట్లో ఉన్నాను.

ఆ సబ్బంతా దుకాణాల నుంచి వెనక్కి తెప్పించాను. నాన్నతో మాట్లాడబోతే, లాండ్రీ వాళ్ల చేతులు ఎప్పుడూ అంతేనన్నాడు. తన తర్వాత బాన దగ్గర ఎవరు నిలబడాలో తనకు తెలుసన్నాడు. అంటే నువ్వు. సబ్బు వాసనకే తుమ్మేవాడివి.

నాకు కోపం తప్ప ఇంకేమీ రావడం లేదు. ఒకసారి వచ్చి చెప్పు. కొడుకు చెబితే వింటాడు.

నీ
అక్క

*

ప్రియమైన అక్కా,

పిల్లల పరీక్షలు అయిపోగానే వస్తాను. లెక్కల మాస్టారు లేకపోతే వాళ్లకి పండగే కానీ, హెడ్మాస్టరు ఒప్పుకోడు.

కార్ఖానా నాకొద్దని ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నన్ను బాన దగ్గర నిలబెడితే సబ్బు తయారయ్యే లోపల నేనే కరిగిపోతాను. ఈసారి ఎదురుగా కూర్చుని చెప్తాను, మూడో నాలుక నీదేనని. చిన్నప్పటి నుంచి నువ్వడిగింది అదొక్కటే కదా.

కాస్టిక్ మిగిలితే రంగు మారే కాగితాలు అమ్ముతారట. అవి ఉంటే ఎవరి నాలుకా అక్కర్లేదు. ఈ మాట మాత్రం నాన్న దగ్గర అనకు, అన్నం మానేస్తాడు.

నీ
తమ్ముడు

*

ప్రియమైన అక్కా,

నేను వచ్చి వెళ్లాక నువ్వే ముందు రాస్తావనుకున్నాను. నెల దాటింది.

నాన్న ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా తాళాలగుత్తి నీ చేతిలో పెడతాడని నేను అనుకోలేదు. నువ్వు దాన్ని ఎవరో దాచిపెట్టమని ఇచ్చినట్టు పట్టుకున్నావు. అలసట అనుకున్నాను. నిన్న ఫోన్లో నాన్న, "మీ అక్క పని చేస్తోందిరా, మాట్లాడ్డం లేదు" అన్నాడు. ఏమైందో రాయి.

నీ
తమ్ముడు

*

ప్రియమైన చిన్నా,

రాయడానికి ఏమీ లేక రాయలేదు. నిజంగానే ఏమీ లేదు.

నువ్వు వెళ్లిన మర్నాడు నాన్న కుర్చీలో కూర్చున్నాను. నూనె వాళ్లు వచ్చారు, మాట్లాడి పంపించాను. బాన మేస్త్రి అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. సాయంత్రం అద్దంలో చూసుకుంటే ఎవరో పరాయి ఆడమనిషిని చూసినట్టుంది.

నాన్న ఇప్పటికీ పొద్దున్నే వచ్చి ఖాళీ పెట్టె మీద కూర్చుంటాడు. ఒకరోజు ముక్క నాలుక మీద పెట్టుకోబోతూ నాన్నని అడిగాను, రుచి తెలియనప్పుడు రోజూ ఎందుకు చూశావని.

"నా వెనకాల నువ్వు చూస్తున్నావు కదా" అన్నాడు.

ఆయనకి తెలుసట, మొదటి నుంచీ. నేనుండగా తప్పు బయటికి పోదన్న ధీమా. నేను జ్వరంతో పడుకున్న రోజు మాత్రం బాన ఆపడానికి నామోషీ అడ్డొచ్చిందట. తర్వాత ఒక్కడే లాండ్రీ ఆవిడ ఇంటికి వెళ్లి తప్పు తనదేనని చెప్పి వచ్చాడు. అదీ ఆవిడ చెబితేనే తెలిసింది.

ఆ నమ్మకం కోసమే కదా నేను ఇన్నేళ్లు ఎదురుచూసింది. అది ఎప్పటి నుంచో నాదేనని తెలిశాక సంతోషం రావాలి, లేదా ఏడుపు రావాలి. రెండూ రాలేదు. ఆ మాట ఆయన నా ముప్ఫైల్లోనే నోరు విప్పి అని ఉంటే గంతులు వేసేదాన్ని. కార్ఖానా నాకివ్వడం లేదన్న కోపమే రోజూ నన్ను నిద్ర లేపేది. ఇచ్చాక లేవడానికి కారణం దొరకడం లేదు.

నిన్న నాన్నకి చెప్పేశాను. నెలాఖరుతో నేను మానేస్తున్నాను. మేస్త్రి, అతని కూతురు నడుపుతారు. ఆ అమ్మాయి కాగితాలతో పరీక్ష చేయడం ఇప్పటికే నేర్చుకుంది. నిన్ను ఎవరూ రమ్మనరు, భయపడకు.

నాన్న "బయటివాళ్లకా" అంటాడనుకున్నాను. అనలేదు.

"మరి నువ్వేం చేస్తావే?" అన్నాడు.

నేను పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను ఆ మాట అడగడం ఇదే మొదలు. తెలియదని చెప్పాను. ఆయన పెట్టె మీద కాస్త పక్కకి జరిగాడు. నేను వెళ్లి కూర్చున్నాను.

నీ
అక్క