వదిన ఇచ్చిన కర్ర

జూన్ 12

కోశాం. తెల్లగా ఉంది. ఇంకోటి కోశాం, అదీ తెల్లగానే ఉంది. ట్రయల్ ప్లాట్ గట్టు మీద కూర్చుని మధ్యాహ్నం దాకా కర్రపెండలం దుంపలు కోస్తూనే ఉన్నాం. మా కొత్త మొక్కల్లో ఎక్కడా కుళ్ళు లేదు. పక్క వరసలో పోలిక కోసం వేసిన పాత రకం దుంపలు మాత్రం లోపలంతా గోధుమరంగు, నొక్కితే మెత్తగా. డైరెక్టర్ గారు నవ్వారు. ఆయనకి పళ్ళున్నాయని ఇవాళే తెలిసింది.

ఈ మొక్కకి పుట్టిల్లు మా వదిన చేను. ఆ పాత రకం వాళ్ళ ఊళ్ళో తప్ప ఎక్కడా లేదు. చుట్టుపక్కల చేలన్నీ ఆకుతెగులుతో పోయినా దానికి ఏనాడూ రాలేదు. దుంపకుళ్ళు వైరస్ ఒక్కటే దాన్ని తినేస్తోంది. ఆ కుళ్ళుని ఆపే జీన్ పెడతాను, మొలిపించుకోడానికి ఒక కర్ర ఇవ్వమని అప్పట్లో అడిగాను. చేతి పొడవు ముక్క నరికి ఇచ్చింది. ఆడపడుచు చేతికి కర్రిస్తున్నాను, ఎవరి వీపు పగులుతుందో అని నవ్వింది. మళ్ళీ తెచ్చివ్వాలి సుమా అని కూడా అంది.

ఇవాళ ఫోన్ చేసి చెప్పాను. ఎప్పుడిస్తావంది. పర్మిషన్లు వచ్చేసినట్టే, ఈ వానలకే అన్నాను. నా నోటికి తాళం ఎవరు వేస్తారు?

జూన్ 15

ట్రయల్ అయిపోయింది కాబట్టి రూల్ ప్రకారం ఆ ప్లాట్‌లో ఉన్నదంతా పీకి తగలబెట్టాం, పాత వరసతో సహా. కొత్త రకం ల్యాబ్ సీసాల్లో మొలకలుగా ఉంది, దూరంగా రెండో ప్లాట్‌లోనూ నాటి ఉంది. ఇంకా వందల సీసాలు పెంచాలి. గ్రోత్ రూమ్‌లో చోటు లేదు. వదిన కర్ర నుంచి తీసిన పాత రకం సీసాలు ఒక ర్యాకంతా ఆక్రమించుకుని కూర్చున్నాయి. వాటిని ఆటోక్లేవ్‌లో ఉడికించి పారేయమన్నాను.

మా టెక్నీషియన్‌ని అందరం అనుమానం అంటాం. పేరు నిలబెట్టుకున్నాడు. ఒక్క సీసా అయినా ఉంచుదామా మేడం అన్నాడు. ఊరి నిండా అదే ఉందయ్యా అన్నాను.

జూలై 4

వదిన ఫోన్. జీన్ ఉన్నా సరే, పాత కర్ర చేలో ఉంటే తెల్లదోమ కుళ్ళుని పదే పదే మోసుకొచ్చి ఎప్పటికైనా కొత్తదానికీ అంటిస్తుందని నేనే చెప్పాను. మొత్తం పీకి కాల్చేసిందట. అంతటితో ఆగలేదు. మా ఆడపడుచు మాటంటే మాటే అని ఇల్లిల్లూ తిరిగి, ఊళ్ళో అందరిచేతా కాల్పించిందట. భేష్ వదినా అన్నాను. రోజంతా నా కాలు నేల మీద నిలవలేదు.

ఆగస్టు 9

రెండో ప్లాట్‌లో ఆకుల మీద పసుపు మచ్చలు. మెగ్నీషియం లోపం అయ్యుంటుంది.

ఆగస్టు 13

మెగ్నీషియం కొట్టించాను. అనుమానం ఏమీ అనలేదు. ఏమీ అననందుకే అతని మీద కేకలేశాను.

ఆగస్టు 21, ఉదయం 11

రిపోర్ట్ వచ్చింది. ఆకుతెగులు. మా మొక్కలన్నిటికీ.

కుళ్ళుని ఆపే జీన్ బాగానే పనిచేస్తోంది. కానీ ఆ మొక్కకి పుట్టుకతో ఉన్న బలం పోయింది. జీన్ ఎక్కించేటప్పుడు సీసాలో ముద్దగా ఉండి మళ్ళీ మొలకెత్తే లోపు ఎక్కడో జారిపోయింది. మేం చూడలేదు. ఉన్నదాన్ని ఎవరు వెతుక్కుంటారు? మొదటి ప్లాట్ పక్కన ఆకుతెగులే లేదు, అందుకే బయటపడలేదు. ఆకు ముడుచుకుపోతే దుంప ఊరదు. ఊరని దుంపకి కుళ్ళు రాకపోతే ఏం లాభం?

బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను.

ఆగస్టు 22

ఇది కూడా ఒక ఫైండింగే, మంచి పేపర్ అవుతుందన్నారు డైరెక్టర్ గారు. మళ్ళీ మొదటి నుంచి చేస్తే ఎన్నేళ్ళు పడుతుందని అడిగాను. కిటికీ వైపు తిరిగి, అసలు దేంతో మొదలుపెడతావమ్మా అన్నారు.

ఆగస్టు 30

వదిన ఊరెళ్ళాను. చేను దున్ని, బోదెలు తోలి పెట్టింది. పక్క చేను కూడా అంతే. కనుచూపు మేరా నున్నగా, ఖాళీగా. ఊళ్ళో ఏడాది తిండి ఈ నేలలోంచే రావాలి. నేను బస్సు దిగగానే వదిన చూపు నా చేతుల మీదికే పోయింది.

అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. కాలి గోళ్ళలో మట్టి తీసుకుంది. తర్వాత నన్నే ఓదార్చింది. పోనీలే అమ్మాయ్, నువ్వు మాత్రం కావాలని చేశావా, నేనిచ్చిన కర్ర నాకిచ్చెయ్, సగం కుళ్ళినా మిగతా సగం మాదేగా, ఇన్నేళ్ళూ అదే తిన్నాం అంది.

నేను ఖాళీ చేయించిన ర్యాక్ గుర్తొచ్చింది. పంపిస్తాను వదినా అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

సెప్టెంబర్ 2

ల్యాబంతా గాలించాం. ఫ్రీజర్, పాత ట్రేలు, చెత్తగుంట. అనుమానం నాకంటే ఎక్కువ వెతికాడు. లేదు.

సెప్టెంబర్ 5

వదిన ఫోన్. వాన పడిందట, నేల పదునుగా ఉందట. ఏ బస్సుకి పంపుతున్నావంది.

సెప్టెంబర్ 6

రెండో ప్లాట్‌లో ఒక కర్ర నరికాను. మచ్చల ఆకులన్నీ దూసేశాను. ఆకుల్లేకపోతే అచ్చం వదిన ఇచ్చినదానిలాగే ఉంది. తడి గోనెలో చుట్టాను. బస్సు మూడింటికి.