ముసుగు చాటు భోజనం

చెల్లీ త్సెనోర్,

నేను క్షేమం. పెద్దన్న పామిన్ క్షేమంగా లేడు.

మా మఠంలో ఒకరి తిండి మరొకరు చూడకూడదని ముసుగు ముఖం మీదికి లాక్కుని తింటాం. ఒకడి ఉపవాసం గొప్పగానూ ఒకడి ఆకలి లోకువగానూ కనబడకూడదు కదా! హెచ్చుతగ్గులు లేని ఊరు భూమ్మీద ఉందా అని అడిగేదానివి, అది ఇదే. ఈ ఊళ్లోనే పళ్లన్నీ ఊడిన పెద్దన్న ఎండు రొట్టె నమలలేక, నానబెట్టిమ్మని అడగలేక చిక్కిపోయాడు. ముసుగు చాటున ఎవరికీ తెలియలేదు. నిన్న బుట్ట అల్లుతూ కూలిపోయాడు.

రోగుల గదిలో ముసుగుండదు. పప్పుజావ పట్టుకెళ్లాను. నన్ను తేరిపార చూసి, "ఏరా, ఇంత ముసలాడివెప్పుడయ్యావు?" అన్నాడు.

"నీ పక్కనే కూర్చుని తింటూ అయ్యాను. ముందు ఇది తాగు."

"ఇన్నేళ్లు ఎండు రొట్టెతో నెగ్గుకొచ్చాను. చివర్లో జావకి లొంగమంటావట్రా?" అని మూతి బిగించాడు.

ఇంటివాళ్లు చూడవస్తే వాళ్లకి పెట్టిందే వాళ్లతో కలిసి తినాలని మాకు ఇంకో నియమం ఉంది. పెద్దన్న చావనైనా చస్తాడు గానీ నియమం తప్పడు. అందుకే ఈ ఉత్తరం ఎవరి గుమ్మంలో చదివించుకుంటున్నావో, ఆ గుమ్మం నుంచే బయల్దేరు. ఆకలితో రా.

నీ చిన్నన్న